తలూపిన చోట నేను రాసిన ‘అవును’

సభా కార్యదర్శి గారి సముఖమునకు,

సభ రిపోర్టర్ల విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న పెద్ద రిపోర్టరు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఈ నెల మూడో తేదీ ప్రశ్నోత్తరాల రికార్డు పదహారో పేజీలో, సభానాయకుడు గారు పలికినట్లుగా అచ్చయిన ‘అవును’ అను ఒక్క మాటను కొట్టివేయుట గురించి, ధ్వని గది ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకొనుట గురించి, నా మీద తీసుకోవలసిన చర్య గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఆ మాట వారు అనలేదు. నేను రాశాను.

మిగిలినదంతా వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. సభాపతి గారి పీఠం కింద ఉన్న చిన్న బల్ల మా చోటు. ఒక్కొక్కరికి పది నిమిషాల వంతు. పదో నిమిషానికి తర్వాతి మనిషి వచ్చి పక్కన కూర్చుని, బల్ల మీద వేలితో రెండుసార్లు తడుతుంది. లేచి, మేడ మీది టైపు గదికి వెళ్లి, పుస్తకంలో గీసుకున్న గీతలను మాటలు చేయాలి. ఎవరు తల ఊపినా, చెయ్యి విసిరినా, నాలుక కరుచుకున్నా మేం రాయం. సభ్యులు తల ఊపి ఊరుకుంటే సభాపతి గారు ‘మాటల్లో చెప్పండి’ అంటారు. మాట వస్తేనే రాస్తాం. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి మొదటి రోజే చెప్పేది నేను. “తలలు మన పని కాదమ్మా, నోళ్లే మన పని” అంటాను. ఈ నియమం నాకు తెలియదేమో అన్న సందేహం తమకు రాకూడదని ముందుగానే రాస్తున్నాను.

2. ఆ రోజు పదకొండున్నర నుంచి నా వంతు. మొదటి ప్రశ్న కిటికీ అద్దాల మీద పన్ను రెట్టింపు చేయడం గురించి. “అద్దం మీద వేశాం గానీ వెలుతురు మీద వెయ్యలేదు కదండీ. గౌరవ సభ్యులు కిటికీ తీసి పెట్టుకోవచ్చు” అన్నారు సభానాయకుడు గారు. నేను (నవ్వులు) అని రాసుకున్నాను. నా తమ్ముడు అద్దాలు కోసి బిగించే పనివాడు. అయినా (నవ్వులు) అనే రాసుకున్నాను. నవ్వారు కాబట్టి.

రెండోది తాకట్టు ఇళ్ల గురించి. వడ్డీలు పెరిగి, వాయిదాలు కట్టలేని వాళ్ల ఇళ్లు వేలానికి వస్తున్నాయి, వాళ్లను కాపాడే బిల్లు ఏడాదిగా సభా సంఘం దగ్గరే మూలుగుతోంది, దీనికేమంటారు అని ఒక సభ్యురాలు అడిగారు. ఆమె పూర్వం బడిలో లెక్కలు చెప్పిన మనిషి. సభానాయకుడు గారు నాలుగు నిమిషాలు జవాబు చెప్పారు. అందులో ‘పరిశీలన’ ఐదుసార్లు, ‘సానుభూతి’ మూడుసార్లు వచ్చాయి. అవన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఆమె మళ్లీ లేచారు.

“నేనడిగింది చిన్న ప్రశ్న. చట్టం వచ్చేదాకా ఈ వేలాలు ఆపిస్తారా, లేదా? అవునో కాదో చెప్పండి చాలు. నా దగ్గర చదివిన పిల్లలు కూడా ఇంత తిప్పేవాళ్లు కాదు.”

ఇరువైపులా బల్లలు చరిచారు. సరిగ్గా అప్పుడు అటెండరు నీళ్ల గ్లాసు తెచ్చి, వంగి, “ఇక్కడ పెట్టనా అయ్యా?” అన్నాడు. సభానాయకుడు గారు తల ఊపారు. అతను పెట్టాడు. వారు తాగారు. సభాపతి గారు “తర్వాతి ప్రశ్న” అన్నారు.

నేను వారికి ఆరడుగుల దూరంలో ఉన్నాను. అటెండరు అడిగింది విన్నాను. వారు ఎవరికి తల ఊపారో చూశాను.

3. నా పుస్తకంలో ఆ చోట (బల్లల చప్పుడు) అని మాత్రమే ఉంది. పుస్తకాన్ని ఈ అర్జీకి జతపరుస్తున్నాను. టైపు కాగితంలో మాత్రం, ‘సభానాయకుడు: అవును.’ అని ఉంది. ఆ రెంటికీ మధ్య ఇరవై రెండు మెట్లు. అవి ఎక్కుతున్నప్పుడు నేనేమీ అనుకోలేదని చెప్పుకోవాలని ఉంది. ‘చేతి పొరపాటు’ అంటూ ఈ అర్జీకి మూడు చిత్తులు రాశాను. మూడూ చించేశాను. పొరపాటున పడే మాటకు ముందు మనిషి హోదా రాసి, రెండు చుక్కలు పెట్టి, జాగా వదిలి, చివర మళ్లీ చుక్క పెట్టరు.

4. ముందు రోజు సోమవారం సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్లాను. తలుపుకు వేలం నోటీసు అంటించి ఉంది. ఇరవై మూడో తేదీ అని ఉంది. వాడు నన్ను చూసి నవ్వాడు.

“మా ఇంటికి నంబరు వచ్చిందక్కా. వేలం జాబితాలో పద్నాలుగోది. ఇన్నాళ్లూ వీధిలో ఎవరికీ మా నంబరే తెలిసేది కాదు.”

అద్దాలు కోసే పెద్ద బల్ల కొనడానికి వాడు ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆ ఏడే అద్దం మీద పన్ను పెరిగింది. కొత్త కిటికీలు పెట్టించుకునేవాళ్లు పాత వాటికి అట్టముక్కలు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇది పన్నుల మీద ఫిర్యాదు కాదు. ఎలా జరిగిందో చెబుతున్నాను.

అమ్మ పోయినప్పుడు నాకు పంతొమ్మిది, వాడికి ఏడు. మధ్యలో మరో ఇద్దరు. వాళ్లకేది కావలసి వచ్చినా నా ముఖం చూసేవాళ్లు, నేను ఎక్కడినుంచో తెచ్చేదాన్ని. ఆ సాయంత్రం వాడు నన్ను ఏమీ అడగలేదు. మరదలు టీ ఇచ్చింది. ‘దేవుడున్నాడు’ అని చెప్పి వచ్చేశాను. మర్నాడు ఆయన పని నేను చేశాను.

5. మా కాగితం నియమం ప్రకారం సభానాయకుడు గారి కార్యాలయానికి వెళ్లింది. రెండు రోజుల్లో సవరణలుంటే పంపాలి. గురువారం నాడు ‘సవరణలు లేవు’ అని పొడి సంతకంతో తిరిగి వచ్చింది. శుక్రవారం అచ్చయింది. ఆ కార్యాలయం వారిని నేను తప్పుపట్టడం లేదు. మా విభాగం కాగితాన్ని ఎవరూ అనుమానించరు. ఆ నమ్మకం మా చేతుల మీదుగానే కుదిరింది. దాన్నే వాడుకున్నాను.

6. పదో తేదీ నాటికి అప్పులిచ్చే సంస్థలన్నీ వేలాలు నిలిపివేశాయి. సభానాయకుడి మాట అచ్చులో ఉండగా ఎవరు సాహసిస్తారు? ఊరంతటా ఎన్ని ఇళ్లో నాకు తెలియదు. తమ్ముడి వీధిలో ఏడు. ఆ మధ్యాహ్నం నోటీసులు అంటించినవాడే వచ్చి, తడిగుడ్డతో నానబెట్టి, ఒక్కొక్కటీ గీకి తీసేశాడట. చివరి ఇంట్లో ఉండే నర్సమ్మ అతనికి భోజనం పెట్టి పంపిందట.

నేను వెళ్లేసరికి తమ్ముడు రికార్డు పదహారో పేజీకి అద్దం కోసి, ఫ్రేము కట్టి, నోటీసు ఉన్న చోటే తలుపుకు వేలాడదీస్తున్నాడు. మంచి అద్దం వాడాడు. నాలుగు మూలలూ అరగదీశాడు.

“చూశావా అక్కా! తన నోటితో అన్నాడట. నువ్వక్కడే ఉన్నావు కదా, ఎలా అన్నాడు? గట్టిగా అన్నాడా, నసిగాడా?”

“చప్పుడుగా ఉందిరా” అన్నాను.

“అయినా నీకు వినబడింది. అదీ మా అక్కంటే!” అని వీధిలో వాళ్లందరికీ వినబడేలా అన్నాడు. నర్సమ్మ వచ్చి నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. వద్దనలేకపోయాను. వద్దంటే ఎందుకో చెప్పాలి.

7. ఈ అంశం రాయడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

నేను ఆ మాట రాయకముందే తమ్ముడికి అప్పిచ్చినవాళ్లు ఒక రాజీ కాగితం పంపారట. బాకీ పడిన వాయిదాల్లో సగం పదమూడో తేదీలోగా కడితే, తక్కినదానికి మూడేళ్ల గడువు. వాడు కోత బల్ల అమ్మడానికి బేరం కుదుర్చుకున్నాడు. బల్ల పోయినా ఇల్లు నిలిచేది, పాత పద్ధతిలో చేత్తో కోసుకునేవాడు. నాకు చెబితే నా భవిష్యనిధి తీసి ఇస్తానంటానని భయపడి చెప్పలేదు. ఇచ్చేదాన్నే. పదో తేదీన రికార్డు చూసి బేరం వదులుకున్నాడు. “ప్రభుత్వమే ఆపుతానంటే ఈ రాజీ ఎందుకు, బల్ల ఎందుకు అమ్మడం” అనుకున్నాడట. పదమూడో తేదీ దాటిపోయింది. ఆ కాగితం ఇక చెల్లదు.

అయ్యా, నేను ఆ మాట రాయకపోతే వాడు ఇల్లు కాపాడుకునేవాడు.

నర్సమ్మ కూడా తన ఇంటికి వచ్చిన కొనుగోలుదారుణ్ణి అదే వారం పంపేసింది. మిగతా ఐదిళ్ల సంగతి నేను అడగలేదు. అడిగే ధైర్యం లేక.

8. పదిహేడో తేదీన లెక్కలు చెప్పిన ఆ సభ్యురాలే లేచి, పేజీ పైకెత్తి చూపిస్తూ, “ఈ మాట మీద నిలబడతారా?” అని సభానాయకుడు గారిని అడిగారు. వారు, “నేను రోజుకు ఎన్నో అంటాను. అన్నీ గుర్తుపెట్టుకోవడానికే కదండీ రికార్డు ఉన్నది. అందులో ఏముంటే అదే” అన్నారు. (నవ్వులు). ఆ పది నిమిషాల వంతు కూడా నాదే. ఈసారి ప్రతి అక్షరం ఉన్నదున్నట్లు రాశాను. అంత శ్రద్ధగా నేనెప్పుడూ రాయలేదు.

9. ఆపైన అప్పుల సంస్థల తరఫు వకీలు గారు మూడో తేదీ నాటి ధ్వని గది టేపు అడిగారు. పంతొమ్మిదో తేదీన తమ గదిలోనే వినిపించారు. బల్లల చప్పుడు ఉంది, ‘అవును’ లేదు. రికార్డులో ఉన్నది టేపులో లేకపోతే టేపునే ఎవరో చెరిపి ఉండాలి అని, దీని మీద వేసిన విచారణ సంఘం వారు తేల్చారు. రికార్డు తప్పయి ఉండవచ్చునని ఒక్కరూ అనలేదు. ఆ గదిలో నేనూ ఉన్నాను. నేనూ అనలేదు.

ధ్వని గది ఉద్యోగిని మా కార్యాలయంలో ‘చెవులాయన’ అంటాం. అన్నం తినేటప్పుడు కూడా చెవుల మీది హెడ్‌ఫోన్లు తీయడని ఆ పేరు. మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

“మేడం, నేను నాలుగుసార్లు విన్నాను. నాకక్కడ మాట దొరకలేదు. మీరు రాశారంటే ఉండే ఉంటుంది. నా చెవులే పాడయ్యాయేమో. రేపు చూపించుకుంటాను.”

“చూపించుకోండి” అన్నాను.

అవునయ్యా, అలాగే అన్నాను.

అతను సెలవు పెట్టి చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లాడు. గాజు గదిలో కూర్చోబెట్టి సన్నని శబ్దాలన్నీ వినిపించారట. అతని వయసు వాళ్లలో అంత మంచి చెవులు తాను చూడలేదన్నారట డాక్టరు గారు. ఆ సర్టిఫికెట్టు సంబరంగా తెచ్చి విచారణ సంఘానికి ఇచ్చాడు. ‘చెవులు బాగున్నవాడు మాట వినబడలేదంటే, కావాలని చెరిపినట్లే’ అని రాసి, ఇరవై మూడో తేదీన అతణ్ణి సస్పెండు చేశారు. అతను బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటూ నాకు నమస్కారం పెట్టాడు. “మీ మాట నిలబెట్టలేకపోయాను మేడం” అన్నాడు.

10. నిన్న బుధవారం తమ్ముడి దుకాణానికి వెళ్లి చెప్పాను. జరిగిన సంభాషణ మాటకు మాట ఇక్కడ రాస్తున్నాను. అది నాకు తెలిసిన పని. ఇందులో ఒక్క మాటా కలపలేదు.

వాడు అద్దం మీద గీత గీస్తున్నాడు. గీత మధ్యలో ఆపితే అద్దం పోతుంది. కాబట్టి చివరిదాకా ఆగి చెప్పాను.

“ఆయన ఆ మాట అనలేదురా.”

“ఎవరు?”

“సభానాయకుడు. ‘అవును’ అని నేను రాశాను.”

వాడు అద్దాన్ని గీత మీద విరిచాడు. రెండు ముక్కలూ గోడకు చేరేశాడు. చేతులు తుడుచుకున్నాడు.

“మళ్లీ చెప్పు.”

మళ్లీ చెప్పాను. అటెండరు సంగతీ చెప్పాను.

“నువ్వా? బడి ఎగ్గొడితే కడుపునొప్పని చీటీ రాసిమ్మంటే, ‘నొప్పి రానీ, రాసిస్తా’ అన్నదానివి. నువ్వా?”

“నేనే.”

“తల ఊపడం మాత్రం నిజమేనా?”

“నిజమే.”

“నీకేసి చూసి ఊపాడేమో అక్కా. నువ్వు రాస్తావనే ఊపాడేమో.”

“మా బల్లకేసి ఎవరూ చూడరురా.”

మరదలు లోపలినుంచి అంతా విన్నది. బయటికి వచ్చింది. “వదినా, ఇంకో నెలాగి చెప్పకూడదా? ఈలోగా ఆ చట్టమేదో వాళ్లే తెస్తారేమో. అప్పుడు మీ మాట అబద్ధం కాకుండానే పోతుంది.”

“ఆ నెలా ఆయన ఇంట్లో కూర్చోవాలమ్మా.”

“ఎవరు?”

“చెవులాయన. ఇద్దరు పిల్లలు.”

“మాకూ ఇద్దరే వదినా” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

తమ్ముడు అప్పుడన్నాడు. “కాపాడదామనే చేశావు, కాదనను. ఒక్కసారి నన్ను అడిగి ఉంటే రాజీ కాగితం సంగతి చెప్పేవాణ్ణి. నన్నెప్పుడూ ఏడేళ్లవాడిలాగే చూశావు అక్కా. ఏడేళ్లవాడికే కదా చెప్పకుండా చేసిపెడతారు.” తర్వాత, “వీధిలో ఆరుగురికి నేనేం చెప్పను? మా అక్క విన్నది అని చాటింది నేను” అన్నాడు.

నేను వచ్చేస్తుంటే గుమ్మం దాకా రాలేదు. ఎప్పుడూ వస్తాడు.

11. నాకు రోజూ తెల్లవారగానే ప్రార్థనకు కూర్చునే అలవాటు. ఈ మూడు వారాలుగా కూర్చుంటున్నాను గానీ ఏమీ అడగలేకపోతున్నాను. తమ్ముణ్ణి చల్లగా చూడమని మొదలుపెడితే, ‘నువ్వే చూసేశావుగా’ అని ఆయన అన్నట్టు అనిపిస్తుంది. ఈ అంశానికి కార్యాలయంతో సంబంధం లేదు. కొట్టివేయవచ్చు.

కావున తమకు చేసుకొను మనవులు:

మొదటిది: ధ్వని గది ఉద్యోగిని ఈ రోజే పనిలోకి తీసుకోవాలి. టేపు సరైనదని, అతను విన్నది సరైనదని లిఖితపూర్వకంగా ఇవ్వాలి. పనిలేని రోజులకు జీతం కోయకూడదు. తక్కిన మనవులను ఎంత ఆలస్యంగా పరిశీలించినా పరవాలేదు గానీ ఇది ఆగకూడదు.

రెండోది: పదహారో పేజీలో ఆ మాట కొట్టివేసి, కింద సవరణ వేయాలి. ‘అచ్చుతప్పు’ అని వేయవద్దు. రిపోర్టరు చేర్చినది అని వేయండి. విభాగం పరువు కోసం మెత్తగా రాయాలని తమకు అనిపించవచ్చు. మెత్తగా రాస్తే ఆ తప్పు అచ్చుగదివాళ్ల మీద పడుతుంది. ఒకరి మీద పడింది చాలు.

మూడోది: నా మీద తీసుకునే చర్యకు నేను సంజాయిషీ ఇవ్వను. ఇదే సంజాయిషీ. పది నెలల సర్వీసు ఉన్న పిల్ల ఒకామె టైపు గదిలో నా పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ రోజు నా తర్వాతి వంతు ఆమెది. ఆమెకు ఏమీ తెలియదు. ఆమెను పిలిచి అడిగితే భయపడి తనకు తెలుసని చెప్పినా చెబుతుంది. పిలవవద్దు.

నాలుగోది అడిగే అర్హత నాకు లేదు. అడుగుతున్నాను. సవరణ అచ్చయిన మరుక్షణం నోటీసులు మళ్లీ తలుపుల మీదికి వస్తాయి. నన్ను నమ్మి దారులు మూసుకున్నవాళ్లు ఆ తలుపుల వెనక ఉన్నారు. వాళ్లు నమ్మింది సభానాయకుడు గారిని అని వాళ్లనుకుంటున్నారు. కాబట్టి సవరణ వేసే రోజునే, సభలో, ఆ ప్రశ్న వారిని మళ్లీ అడిగే ఏర్పాటు చేయించండి. అదే ప్రశ్న. చట్టం వచ్చేదాకా ఆపిస్తారా, లేదా. అడగడానికి ఆ సభ్యురాలు సిద్ధంగానే ఉంటారు. వారు అవునంటే అది వారి మాట. కాదంటే అదీ వారి మాటే. కనీసం ఎవరి మాట వల్ల ఇల్లు పోయిందో జనానికి తెలుస్తుంది. మళ్లీ ‘పరిశీలన’ అంటే, ఎన్నిసార్లంటే అన్నిసార్లూ రాయించండి. ఆ పది నిమిషాలు నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టవద్దు.

మరొక సంగతి. నాకిచ్చిన ఉద్యోగుల క్వార్టరులో రెండు గదులున్నాయి. ఉద్యోగం పోతే అది కూడా ఖాళీ చేయాలని తెలుసు. నియమం ఎంత గడువిస్తే అంత గడువు చాలు. ఎక్కువ అడగను. ఈలోగా తమ్ముడి కుటుంబం వచ్చి ఉండవలసి వస్తే, అదనపు మనుషులున్నారని నోటీసు ఇవ్వకుండా ఉండగలరని ఆశిస్తున్నాను. వస్తారో రారో నాకు తెలియదు. నిన్నటి తర్వాత, రమ్మని పిలిచే నోరు లేదు నాకు.

ఇరవై తొమ్మిదేళ్లలో ఎన్ని లక్షల మాటలు రాశానో లెక్కలేదు. అందులో నాది ఒక్కటే. అది తప్పు.

తమరు చదివి, కోపగించి, ఆ పైన చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పెద్ద రిపోర్టరు,
రిపోర్టర్ల విభాగం.
గురువారం, ఇరవై ఆరో తేదీ.

జతపరిచినవి: షార్ట్‌హ్యాండు పుస్తకం ఒకటి (మూడో తేదీ పేజీకి దారం కట్టి ఉంది). టైపు కాగితం కార్బను నకలు ఒకటి.

తా.క.: పైన ‘విధేయురాలు’ అని రాసి సంతకం పెడుతుండగా తమ్ముడు వచ్చాడు. అర్జీ మొదటినుంచి చివరిదాకా నిలబడే చదివాడు. అద్దాన్ని గీత మీద విరిచినట్టు రాసిన చోట, “బాగానే రాశావు” అన్నాడు. నేను తెస్తే గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతానేమోనని భయంగా ఉందిరా అంటే, “ఇటు ఇయ్యి” అని చేతిలోంచి తీసుకున్నాడు. కాబట్టి దీన్ని తమ బల్ల దగ్గరకు తెస్తున్నది వాడే. పని మానుకుని వస్తున్నాడు. రసీదు చేతికి ఇచ్చేదాకా కదలడు. ఇంత పెద్ద కార్యాలయంలో వాడెప్పుడూ అడుగుపెట్టలేదు, తమరు చదివినంతసేపూ గోడవారగా నిలబడే ఉంటాడు. కూర్చోమనండయ్యా.